దెబ్బకు గట్టిపడే ఉక్కు



తెలుగునాట ఉక్కు చరిత్ర అనగానే తెలంగాణలోని కోనసముద్రం జ్ఞప్తికి వస్తుంది. విజయనగరాన్ని తలచేవారు అరుదు. ఈ రెండింటికీ నడుమ ఒక బాంధవ్యం ఉన్నది.

1882లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ అనే యువకుడు ఉక్కులో నూటికి 12, 13 పాళ్ళ మాంగనీసు కలిపి చూశాడు. మామూలు గట్టి ఉక్కును ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే పెళుసెక్కుతుంది. ఇది అందుకు విరుద్ధంగా సాగే గుణం పొందింది. పైగా దెబ్బలు తగిలినకొద్దీ పైపొర గట్టిపడుతుంది, లోపలి భాగం విరగక నిలుస్తుంది. అందుచేతనే రైలుపట్టాలు ఒకదానినొకటి దాటే చోట్లకూ, కంకర మరల దవడలకూ ఇది నేటికీ వాడుకలో ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషు సైనికుల శిరస్త్రాణాలు సైతం దీనితోనే చేశారు.

సరిగ్గా పదేళ్ళకు, 1892లో, విజయనగరం ప్రాంతంలో మాంగనీసు తవ్వకం మొదలైంది. భారతదేశంలో ఆ ఖనిజం తవ్వకానికి నాంది అదే. అక్కడి కోడూరు పేరిట భూగర్భశాస్త్రవేత్త ఫెర్మర్ ఒక శిలకు ‘కోడురైటు’ అని నామకరణం చేశాడు. ఊరి పేరు శాస్త్రగ్రంథాలకెక్కింది, ఖనిజం ఓడలెక్కింది. గరివిడి వద్ద ఫెర్రో మాంగనీసు కర్మాగారం వెలసింది 1950ల దశకంలో గాని కాదు.

ఇంతటి ఉక్కుకూ ఒక లోపం ఉన్నది. దెబ్బ లేనిదే అది గట్టిపడదు. మా అల్లవరం వంటి తీరగ్రామాల ఇసుక నేలలో నాగటి కర్రు ఎలా అరుగుతుందో రైతులకు ఎరుకే. ఇసుక కొట్టదు, రాచుకుపోతుంది. అటువంటి రాపిడికి మాంగనీసు ఉక్కు సైతం లొంగిపోతుంది. అందుకు విరుగుడుగా కొంత క్రోమియం కలుపుతారు. అది మితిమీరితే కార్బైడులు రేణువుల అంచులలో పేరుకొని ఉక్కు పెళుసవుతుంది. మరొక ఉపాయం, టైటేనియం కార్బైడు వంటి పింగాణీజాతి కఠినరేణువులను ఉక్కులో పొదగడం. రాపిడిని రేణువులు ఓర్చుకుంటాయి, దెబ్బను ఉక్కు భరిస్తుంది.

ఇప్పుడు కోనసముద్రం వద్దకు రండి. అక్కడి కమ్మరులు మూసలలో కరిగించిన ఉక్కు కోసం ఇస్పహాను వర్తకులు తరలివచ్చేవారని 1820ల నాటి పరిశీలకుడు వాయిసీ వ్రాశాడు. ఆ జాతి ఉక్కుతో చేసిన కత్తుల వాదరకు బలం దేనివలన? మెత్తని ఇనుములో వరుసలు తీరిన ఇనుప కార్బైడు కణాల వలన. కఠినమైనదానిని సాగేదానిలో పొదగడమనే సూత్రం రెండింటా ఒకటే.

కోనసముద్రపు కమ్మరుల విద్య చేతినుండి చేతికి సాగినది. కొలిమి ఆరిపోగానే అదీ అంతరించింది. హాడ్‌ఫీల్డ్ తన పాళ్ళను అచ్చులో పెట్టాడు, అందుచేత అతని ఉక్కు నిలిచింది. ఖనిజం మనది, కౌశలమూ ఒకనాడు మనదే. కరవైనది వ్రాత ఒక్కటే. మన ఊళ్ళలో మిగిలిన వృత్తివిద్యలనైనా బ్లాగుమిత్రులు అక్షరబద్ధం చేయాలని నా కోరిక.