ఎనిమిది రూపాయలతో విజయనగరం

ఉంగరం విలువ 40 రూపాయలు. అమ్మబోతే పలికింది 8. అవసరంలో ఉన్నవాడి బంగారానికి ఎప్పుడూ అంతే రేటు. ఆ ఎనిమిది రూపాయలూ పట్టుకుని గుడివాడ దగ్గర చౌటపల్లి నుంచి ఓ కుర్రాడు విజయనగరం బయలుదేరాడు. రైలుదారిలో బెజవాడకి నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. అక్కడ తెలిసినవాళ్లు లేరు. ఉన్నదల్లా మహారాజావారి సంగీత కళాశాల.

కుర్రాడి పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు. పుట్టింది 1922 డిసెంబరు 4న. తండ్రి సూరయ్య మృదంగం వాయించేవారు, భజనలు పాడేవారు, కొడుకుని భుజాన ఎక్కించుకుని కచేరీలకు తీసుకెళ్లేవారు. తరంగాలకు చిందులేసే ఆ పిల్లాణ్ణి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బాలభరతుడని ముద్దుచేశారు. పిల్లాడికి పదకొండేళ్లప్పుడు సూరయ్య పోయారు. పెద్ద విద్వాంసుడివి కావాలని పోతూ పోతూ మాట తీసుకున్నారు. సంసారం మేనమామ నెత్తిన పడింది.

ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలంటే గురువు దొరకాలి. డెల్టాలో విద్వాంసులకు కొదవలేదు. కుర్రాడు ఒకరింట్లో బట్టలుతికాడు, ఇంకొకరింట్లో వంట చేశాడు. ఉతకడం వచ్చింది, వండడం వచ్చింది, సంగీతం మాత్రం రాలేదు. పక్క ఊరి ఉత్సవంలో విద్వాంసులతో పోటీకి దిగి ఓడిపోయాడు. జనం నవ్వారు. ఉంగరం అమ్మింది ఆ పౌరుషంతోనే.

తీరా వెళ్లేసరికి కాలేజీ మూసేసి ఉంది. వేసవి సెలవులు! ముందుగా ఓ కార్డు రాసి కనుక్కోవాలని తోచలేదు కాబోలు. ఆ వయసులో ఎవరికి తోస్తుంది?

1919లో మొదలైన ఆ కాలేజీ గడపకు అప్పటికే ఓ కథ ఉంది. తొలినాళ్లలో ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడికి విద్యార్థిగా చేరడానికే వచ్చారు. ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు ఆయన ఫిడేలు విని, నీకు నేర్పేదేముంది, నువ్వే నేర్పమన్నట్టుగా అధ్యాపకుడి ఉద్యోగం ఇచ్చేశారు. తర్వాత 1936లో నాయుడుగారే ప్రిన్సిపాలయ్యారు. చౌటపల్లి కుర్రాడికి అలాంటి యోగం పట్టలేదు. ప్రాధేయపడితే కాలేజీ ఆవరణలో తలదాచుకోవడానికి అనుమతి దొరికింది, అంతే. తిండికి వారాలు కుదుర్చుకున్నాడు. సోమవారం ఒకరిల్లు, మంగళవారం మరొకరిల్లు.

వారాల భోజనం బీద విద్యార్థుల్ని ఎందరినో బతికించింది, నిజమే. కానీ ఆ విస్తరి పిల్లాడి ఆకలిని చూసి కాదు, మంచిపేరును చూసి వేసేది. ఆ తేడా కుర్రాడికి త్వరలోనే తెలిసొచ్చింది. తోటి విద్యార్థులు చేసిన తప్పు అతని మీద పడింది. ఆవరణలోంచి వెళ్లగొట్టారు. కబురు ఊళ్లోకి పాకింది. నిన్నటిదాకా పిలిచి పెట్టిన ఇళ్లు ఇక రావద్దన్నాయి. చదువు మొదలుకాకముందే గూడూ పోయింది, కూడూ పోయింది. వెళ్లి ఎల్లమ్మ గుడిలో కూర్చున్నాడు.

ఆ గుడికి పట్రాయని సీతారామశాస్త్రిగారు వచ్చారు. ఆ కాలేజీలోనే గాత్రం చెప్పే ఉపాధ్యాయులు. సాలూరు చినగురువుగారంటే ఆ ప్రాంతంలో తెలియనివారు లేరు. హార్మోనియం అంటే పండితులు మొహం చిట్లించే కాలంలో, దాన్ని తానే వాయించుకుంటూ కచేరీ చేసిన మనిషి. (1940లో ఆకాశవాణి ఆ పెట్టెను నిషేధించింది కూడా.) కుర్రాడి సంగతంతా విని వెంట ఇంటికి తీసుకెళ్లారు. పాఠం మొదలుపెట్టారు.

శాస్త్రిగారిదీ బీద సంసారమే. చదువు చెప్పగలరు గానీ ఇంకో మనిషికి రెండు పూటలా పెట్టగల స్తోమత లేదు. దాంతో కుర్రాడు భుజాన జోలె కట్టుకుని మాధుకరానికి బయలుదేరాడు. మొన్న వద్దన్న ఊరిలోనే వీధి వీధీ తిరిగి గడపల ముందు నిలబడి అడగడం! నా మటుకు నాకు, ఎనిమిది రూపాయలతో రైలెక్కడం కన్నా ఇదే పెద్ద సాహసం.

ఒక్క తిరుగుడులోనే రెండు పూటలకు సరిపడా తెచ్చుకునేవాడు. ఒక పూట తిని మిగిలింది గుడ్డలో మూటకట్టి పెడితే సాయంత్రానికి చీమలు. ఏ రోజు చూసినా ఇదే తంతు. చివరికి మేనమామకు ఉత్తరం రాశాడు. అడిగింది ఫీజు కాదు, బట్టలు కాదు. అన్నం దాచుకోవడానికి మూత ఉన్న డబ్బా కొనుక్కుంటాను, డబ్బు పంపమని. డబ్బు వచ్చింది, డబ్బా వచ్చింది, చీమల బెడద తీరింది.

శాస్త్రిగారి శిక్షణలో కనికరం లేదు. తాళం తప్పితే, శ్రుతి జారితే ఊరుకునే రకం కాదాయన. సెలవులు ముగిసి తలుపులు తెరిచాక కుర్రాడు మామూలుగానే కాలేజీలో చేరాడు. నాలుగేళ్ల కోర్సు రెండేళ్లలో ముగించేశాడు. సొంతూరికి తిరిగొచ్చాడు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో దూకి పద్ధెనిమిది నెలలు అలీపురం జైల్లో ఉన్నాడు. ఆ తర్వాత మద్రాసు, సినిమాలు, ఆ పాటలూ అందరికీ తెలిసినవే.

విజయవాడలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు ఇప్పుడు ఆయన పేరే. బాలమురళీకృష్ణ ప్రిన్సిపాలుగా పనిచేసిన కాలేజీ అది. అవనిగడ్డ నుంచో కైకలూరు నుంచో కొత్తగా చేరే పిల్లలు మొదటిరోజు చదివే బోర్డు మీద ఘంటసాల పేరు ఉంటుంది. ఆ పక్కన శాస్త్రిగారి పేరు కూడా ఒక వరుస రాస్తే బాగుండునని నా అభిప్రాయం. గొంతు సూరయ్య ఇంట్లోనే పుట్టింది, కాదనను. దాన్ని పస్తులకు వదిలేయకుండా కాపాడింది మాత్రం సాలూరు గురువుగారు.

ఘంటసాల గురువుగారి ఇంటిని మరిచిపోలేదు. శాస్త్రిగారి అబ్బాయి పట్రాయని సంగీతరావు ఘంటసాల కన్నా రెండేళ్లు పెద్ద. మద్రాసులో ఘంటసాలకు సహాయకుడిగా చేరి, 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూసేదాకా పక్కనే ఉండి పనిచేశారు. సంగీతరావుగారు 2021లో, నిండు నూరేళ్లూ దాటాక పోయారు.