పిన్‌బాల్ బల్ల రూపకల్పన

పిన్‌బాల్ అనునది అద్దము కప్పిన వాలు బల్లపై ఉక్కు బంతిని దొర్లించి పాయింట్లు సంపాదించు నాణెపు యంత్రపు ఆట. బంతి అడుగునకు జారిపోకుండ ఆటగాడు ఇరువైపుల బొత్తాములు నొక్కి, ఫ్లిప్పర్లు అను చిన్న చేతులతో దానిని పైకి కొట్టును. బంతి పోవుటకు ఆటగాని పొరపాటు కారణమా, బల్ల అమరిక కారణమా అనునదే రూపకల్పనలోని న్యాయాన్యాయములకు గీటురాయి.

చరిత్ర

1930ల నాటి బల్లలకు ఫ్లిప్పర్లు లేవు. బంతిని వదలిన పిమ్మట బల్లను కొద్దిగా కుదుపుట తప్ప ఆటగానికి వేరు మార్గము లేదు. న్యూయార్క్ నగరము ఈ ఆటను జూదముగా పరిగణించి 1942లో నిషేధించినది. 1947లో గాట్‌లీబ్ సంస్థ హంప్టీ డంప్టీ అను బల్లకు ఆరు విద్యుత్ ఫ్లిప్పర్లు అమర్చినది. 1976లో రోజర్ షార్ప్ నగర మండలి సభ్యుల ఎదుట బంతి పోవు దారిని ముందుగా చెప్పి, అట్లే పంపి చూపినాడు. అదే ఏడు నిషేధము తొలగినది.

న్యాయమైన అమరికలు

* ఒకే విధముగా కొట్టిన బంతి ప్రతిసారి ఇంచుమించు ఒకే దారిన పోవుట.
* తరువాత దేనిని కొట్టవలెనో దీపములు స్పష్టముగా తెలుపుట.
* ఆట మొదలైన కొద్ది క్షణములలోనే జారిన బంతిని యంత్రము తిరిగి ఇచ్చుట.

అన్యాయమైన అమరికలు

* సరిగా గురి పెట్టి కొట్టినను బంతి ఎదురుదెబ్బ తిని ఫ్లిప్పర్ల నడిమి సందులోనికి నేరుగా పడుట.
* ఫ్లిప్పరు తాకు అవకాశమే లేకుండ బంతి పక్క దారిన పోవుట.
* నేర్పుతో నిమిత్తము లేక పెద్ద బహుమానము లభించుట.

అనేక యంత్రములలో వాలును, పక్క దారుల వెడల్పును యజమాని మార్చుకొనవచ్చును. వాలు సాధారణముగా 6.5 డిగ్రీలు ఉండును. దారి వెడల్పైన కొలది ఆట త్వరగా ముగిసి నాణెములు ఎక్కువగా పడును. కావున న్యాయము రూపకర్తతోనే ముగియదు.

నైపుణ్యము, అదృష్టము

వైకుంఠపాళిలో గవ్వలు పడినట్లే పావు కదులును; ఆటగాడు ఎంచుకొనునది ఏమియు లేదు. క్యారమ్‌లో గురియే ప్రధానము. రమ్మీ ఈ రెంటి నడుమ నిలుచును. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రము, కె. సత్యనారాయణ కేసులో 1967లో సుప్రీంకోర్టు ఇదే ప్రశ్నను విచారించినది. పడిన ముక్కలను గుర్తుంచుకొనుట, ఉంచవలసినవి, పారవేయవలసినవి ఎంచుకొనుట అవసరము గనుక రమ్మీ ప్రధానముగా నైపుణ్యపు ఆట అని తీర్పు చెప్పినది. అయితే పందెపు ఆట వలన క్లబ్బు యజమాని లాభము పొందినచో నేరము కావచ్చునని కూడ తెలిపినది. 2017లో తెలంగాణ ప్రభుత్వము చట్టమును సవరించి, పందెము కాసి ఆడు నైపుణ్యపు ఆటలకు గల మినహాయింపును తొలగించినది.