ఉత్తర తెలంగాణలో సేమియా

సేమియా అనగా గోధుమ పిండిని గాని, గోధుమ రవ్వను గాని నీటితో కలిపి, సన్నని పోగులుగా తీసి, ఎండబెట్టి నిల్వ చేసుకొనే ఆహార పదార్థము. ఇటలీ వారి పాస్తా, జపాను వారి సోమెన్ కూడా ఈ జాతికి చెందినవే. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో సేమియాను ఉప్మాగా, పాశముగా, రంజాను పండుగనాడు శీర్ ఖుర్మాగా వండుతారు. ఈ రెండు జిల్లాల భూభాగము 2016 అక్టోబరులో జరిగిన పునర్వ్యవస్థీకరణ తరువాత ముఖ్యంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కొమరం భీం ఆసిఫాబాదు జిల్లాలుగా ఏర్పడింది.

ఈ ప్రాంతంలో వరి, మక్కజొన్న, జొన్న ప్రధాన ధాన్యాలు. గటక, అంబలి, జొన్న రొట్టె, సకినాలు, సర్వపిండి అన్నీ వీటి నుండి వచ్చినవే. గోధుమ నిత్యాహారము కాదు. అందువలన సేమియా చాలాకాలం పండుగకు, చుట్టాలు వచ్చినప్పుడు చేసే వంటగానే ఉండిపోయింది. ఇప్పుడు మాత్రం తొందరగా అయిపోయే పొద్దుటి ఫలహారముగా ఎక్కువ పేరు పొందింది.

పేరు

హిందీ, ఉర్దూ భాషలలో దీనిని సేవయ్యా అని, మరాఠీలో శేవయా అని, కన్నడంలో శావిగె అని అంటారు. ఆంగ్లంలో వాడే వెర్మిసెల్లి ఇటాలియన్ పదము, దానికి అర్థము చిన్న పురుగులు. తెలంగాణలో పాయసాన్ని పాశం అనుట వాడుక కనుక సేమియా పాయసము ఇక్కడ సేమియా పాశం అవుతుంది.

చరిత్ర

గోధుమ పోగులు విదేశాల నుండి ఈ మధ్య వచ్చినవని చాలామంది అనుకుంటారు గాని అది సరికాదు. కళ్యాణి చాళుక్యుల కాలంలో చావుండరాయుడు కన్నడంలో రచించిన లోకోపకార గ్రంథము (1025 ప్రాంతము) శావిగెను ఒత్తే అచ్చును ప్రస్తావిస్తుంది. 16వ శతాబ్దపు వైద్య గ్రంథమైన భావప్రకాశలో సేవికా అనే వంటకము ఉంది. మెత్తని గోధుమ పిండిని యవగింజల వలె సన్నని వత్తులుగా చేసి, ఎండబెట్టి, పాలలో ఉడికించి, నెయ్యి, చక్కెరతో తినవలెనని అందులో చెప్పబడింది. నేటి సేమియా పాశము తయారీకి దీనికి పెద్ద తేడా లేదు. నేటి కరీంనగర్ ప్రాంతము కూడా అప్పట్లో కళ్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉండేది. అయితే అంతమాత్రాన ఇక్కడి ప్రజలు ఆనాడే సేమియా తినేవారని చెప్పలేము.

పొట్లాలలో అమ్మే సేమియా ఇంటింటికీ చేరినది ఇటీవలి దశాబ్దాలలోనే. 1980వ దశకంలో హైదరాబాదు కేంద్రంగా మొదలైన బాంబినో పేరు తెలుగునాట సేమియాకు మారుపేరుగా మారింది. తమిళనాడులోని దిండిగల్లు కూడా సేమియా పరిశ్రమకు ప్రసిద్ధి.

చేతి సేమియా

యంత్రపు సేమియా రాకముందు దీనిని ఎండాకాలంలో ఇంటివద్దనే చేసుకొనేవారు. గోధుమ పిండిని పలుచని బట్టతో జల్లించి, కొద్దిగా ఉప్పు వేసి, నీటితో గట్టిగా పిసికి, తడిబట్ట కప్పి కనీసం అరగంట నాననిస్తారు. ఈ నానబెట్టుట ముఖ్యము. గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు నీటితో కలిసి సాగే గుణము పొందుటకు కొంత సమయము పడుతుంది. నానని పిండి పోగుగా సాగక తెగిపోతుంది. తరువాత చిన్న ముద్ద తీసుకొని బొటనవేలికి చూపుడువేలికి మధ్య నలుపుతూ సన్నని పోగులుగా రాల్చుతారు. మంచముపై ఉతికిన చీర పరచి ఆ పోగులను ఆరబెడతారు. మండుటెండలో వేస్తే పైభాగము త్వరగా ఎండి, లోపల తడి మిగిలి, పోగులు పగుళ్ళిచ్చి విరిగిపోతాయి. అందుచేత మొదట నీడన ఆరనిచ్చి, ఆ తరువాతనే ఎండకు పెడతారు. పాస్తా పరిశ్రమలలో కూడా ఆరబెట్టే గదిలో వేడిని, తేమను అదుపులో ఉంచేది ఈ కారణముగానే.

మంచము పట్టెకు బిగించి పిడి తిప్పే చిన్న యంత్రాలు వచ్చిన తరువాత పని కొంత తేలికైంది. ఒకరు పిండి వేస్తే, ఒకరు పిడి తిప్పితే, మరొకరు పోగులను కత్తిరించి ఆరవేస్తారు. అయినను ఇది ఒక్కరు చేయగల పని కాదు. ఇరుగుపొరుగు స్త్రీలు కూడి ఒకరోజు ఒకరి ఇంట, మరునాడు మరొకరి ఇంట చేసుకోవలసినదే. ఆ కూడిక తగ్గిన కొద్దీ చేతి సేమియా కూడా తగ్గిపోయింది. తక్కువ ధరకు పొట్లము దొరకుట కంటె ఇదే పెద్ద కారణమని అనుకోవచ్చును. సరిహద్దుకు ఆవలి మహారాష్ట్రలో మాత్రము ఎండాకాలపు శేవయా, నానబెట్టిన గోధుమల పాలతో చేసే కుర్డయి అలవాటు ఇంకా బలముగానే ఉంది.

గోధుమ రకము, వేపుట

సేమియా ముద్దయిపోవుటకు చాలామంది నీటి కొలతను తప్పుపడతారు. నిజానికి దోషము తరచుగా పిండిలోనే ఉంటుంది. పాస్తాకు వాడే డ్యూరం గోధుమ గింజ గట్టిది, మాంసకృత్తులు ఎక్కువ. దాని రవ్వతో చేసిన పోగు ఉడికినా విడివిడిగా నిలుస్తుంది. మామూలు గోధుమ మైదాతో చేసినది త్వరగా మెత్తబడి, పిండి పదార్థమును నీటిలోకి వదలి అంటుకుపోతుంది. భారతదేశంలో డ్యూరం ముఖ్యంగా మధ్యప్రదేశ్‌లో పండుతుంది. మహారాష్ట్ర, కర్ణాటకలలో పండే ఖప్లీ గోధుమ కూడా సేమియాకు మేలైనదని పేరు.

పోగును నూనెలో గాని నేతిలో గాని ముందుగా వేపుట మనదేశపు పద్ధతి. వేపినప్పుడు పైపొర గట్టిపడి, నీరు మెల్లగా లోనికి పోతుంది. కమ్మని వాసన కూడా వస్తుంది. ఇటలీలో పోగులను వేపరు, విస్తారమైన నీటిలో ఉడికించి వంపుతారు. మైదా సేమియాకు మన పద్ధతియే అనువైనది.

ముఖ్య వంటకాలు

సేమియా ఉప్మా: ఒక గ్లాసు సేమియాను చెంచా నూనెలో సన్నని సెగపై బంగారు రంగు వచ్చువరకు వేపి పక్కన పెట్టుకోవాలి. అదే గంజులో ఆవాలు, జీలకర్ర, పల్లీలు, పచ్చిమిరప, కరివేపాకు, తరిగిన ఉల్లిగడ్డ వేసి పోపు చేసి, ఒకటిన్నర గ్లాసుల నీరు, ఉప్పు వేసి మరగనివ్వాలి. నీరు తెర్లుతున్నప్పుడే సేమియా వేసి, మూత పెట్టి, సన్నని సెగపై నాలుగైదు నిమిషాలు ఉంచి దింపాలి. ఆ తరువాత మరొక ఐదు నిమిషాలు మూత తీయరాదు, గరిటెతో కలపరాదు. మిగిలిన నీటిని పోగు ఆ సమయంలోనే పీల్చుకుంటుంది. చివర నిమ్మరసము పిండుతారు.

సేమియా పాశం: నేతిలో వేపిన సేమియాను పాలలో ఉడికించి తీపి కలుపుతారు. బెల్లము వేసేవారు గంజును పొయ్యి మీది నుండి దింపి, కాస్త చల్లారిన తరువాత కరిగించిన బెల్లము కలపాలి. మరుగుతున్న పాలలో బెల్లము వేస్తే పాలు విరుగుతాయి.

శీర్ ఖుర్మా: పారసీక భాషలో శీర్ అనగా పాలు, ఖుర్మా అనగా ఖర్జూరము. ఈదుల్ ఫితర్ ఉదయము నమాజు తరువాత ముస్లిముల ఇళ్ళలో దీనిని వచ్చిన వారందరికీ ఇస్తారు. దీనికి వెంట్రుక వలె సన్నని సేమియా వాడుతారు. లీటరు పాలకు గుప్పెడు సేమియా చాలును, మిగిలిన చిక్కదనము పాలను మరగకాచుట వలన రావాలి. ఇందులో వేసే సారపప్పు ఆదిలాబాదు అడవులలోని మొర్రి చెట్ల నుండి కూడా వస్తుంది. ఆదివాసులు ఎండాకాలంలో మొర్రి పండ్లు ఏరి, గింజలు పగులగొట్టి పప్పు తీసి అమ్ముతారు. పట్టణంలో పండుగ గిన్నెలోకి చేరే ఆ నాలుగు పలుకుల వెనుక ఎంతో ఓపికగల పని ఉంది.

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల నుండి బ్రతుకుతెరువుకై గల్ఫు దేశాలకు వెళ్ళిన వారు ఎందరో ఉన్నారు. అక్కడి బలాలీత్ కూడా సేమియా వంటకమే. చక్కెర, ఏలకులు, కుంకుమపువ్వుతో వండిన తీపి సేమియాపై గుడ్డు అట్టు వేసి ఉదయము తింటారు.

జపాను పద్ధతిలో

మనవారు గోధుమ పోగుకు పోపు పెట్టి తమదిగా చేసుకున్నట్లే జపాను వారు ఇటలీ స్పాగెట్టీకి సోయా సాసు కలిపి తమదిగా చేసుకున్నారు. దీనిని వాఫూ పాస్తా, అనగా జపాను శైలి పాస్తా అంటారు. 1953లో టోక్యోలో మొదలైన కాబె నో అనా అనే భోజనశాల దీని వ్యాప్తికి కారణమని ప్రసిద్ధి. ఆ పేరుకు గోడలో కన్నము అని అర్థము. దీనికి ముందే, రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత, యొకొహామాలోని హోటల్ న్యూ గ్రాండ్‌లో షిగెతదా ఇరియె అనే వంటవాడు నపోరితన్ అనే టమాటా స్పాగెట్టీని రూపొందించాడని చెబుతారు. ఇటలీలోని నేపుల్స్ నగరము పేరు పెట్టుకున్నా ఇది ఆ నగరపు వంట కాదు.

వీటిలో కొన్నింటిని మన పట్టణాలలో దొరికే సరుకులతోనే వండుకోవచ్చు. వీటికి సేమియా కంటె పొడవైన స్పాగెట్టీ మేలు. దొరకనప్పుడు వేపని లావు సేమియాను ఎక్కువ నీటిలో రెండు మూడు నిమిషాలు ఉడికించి, వంపి, వెంటనే వాడవచ్చును. సోయా సాసులో ఉప్పు ఎక్కువ కనుక ఉడికించే నీటిలో ఉప్పు తగ్గించాలి.

పుట్టగొడుగులు, వెన్న, సోయా సాసు: ఇద్దరికి 160 గ్రాముల స్పాగెట్టీ ఉడికించి, ఆ నీరు అరగ్లాసు దాచుకోవాలి. మూకుడులో రెండు చెంచాల వెన్న కరిగించి, తరిగిన ఎల్లిపాయ, 150 గ్రాముల పుట్టగొడుగులు పెద్ద సెగపై వేపాలి. పుట్టగొడుగుల నీరు ఇగిరిన తరువాత స్పాగెట్టీ, ఒకటిన్నర చెంచాల సోయా సాసు, దాచిన నీరు కొద్దిగా వేసి కలిపి, పైన ఉల్లాకు, మిరియాల పొడి చల్లాలి. అంగడిలో దొరికే బటన్ పుట్టగొడుగులు, చిప్ప పుట్టగొడుగులు రెండూ పనికివస్తాయి. వానాకాలంలో బయట మొలిచే పుట్టకొక్కులను వాటిని ఎరిగినవారు చూసి చెప్పనిదే వాడరాదు. జపానులో పైన సన్నగా కత్తిరించిన సముద్రపు నాచు వేస్తారు, దానికి ఇక్కడ సమానమైనది లేదు. బదులుగా కరివేపాకు వేయమని చెప్పేవారున్నారు గాని, అప్పుడది ఉప్మాకే దగ్గరవుతుంది.

నపోరితన్: ఉల్లిగడ్డ, బెంగుళూరు మిరప ముక్కలను నూనెలో వేపి, ఉడికిన స్పాగెట్టీ, నాలుగు చెంచాల టమాటా కెచప్ వేసి, కెచప్ పచ్చివాసన పోవువరకు పెద్ద సెగపై కలపాలి. స్పాగెట్టీని కాస్త మెత్తగా ఉడికించుట ఇక్కడ తప్పు కాదు, ఈ వంట లక్షణమే అది. పిల్లలు ఇష్టముగా తింటారు.

చేప జన స్పాగెట్టీ: జపానులో పొలాక్ చేప గుడ్లను ఉప్పులో ఊరవేసి, ఉడికించకుండానే వెన్నతో కలిపి స్పాగెట్టీకి పట్టిస్తారు. దీనిని తరాకో స్పాగెట్టీ అంటారు. తెలంగాణలో మృగశిర కార్తె రోజున చేపలు తినుట ఆచారము. తొలకరి వేళ రవ్వ, బొచ్చె వంటి చెరువు చేపల కడుపులో జన నిండుగా ఉంటుంది. దానిని ఈ వంటకు వాడవచ్చును గాని జపాను వారి వలె పచ్చిగా వాడరాదు. మంచినీటి చేపలలో మనుషులకు సోకే పరాన్నజీవులు ఉండవచ్చు, ఉప్పు వేసినంత మాత్రాన అవి చావవు. జనను కడిగి, పసుపు, ఉప్పు వేసి, వెన్నలో పొడిపొడిగా రాలునట్లు పూర్తిగా వేపి, చెంచాడు సోయా సాసు, నిమ్మరసముతో వేడి స్పాగెట్టీకి కలపాలి. రుచి అసలు తరాకో వలె ఉండదు, కమ్మదనములో మాత్రము తీసిపోదు.

ఆహార విలువ

నూరు గ్రాముల ఎండు సేమియాలో సుమారు 350 కిలోకాలరీల శక్తి ఉంటుంది, దానిలో ఎక్కువ భాగము పిండి పదార్థముదే. మైదా సేమియాలో పీచు చాలా తక్కువ. తక్షణ నూడుల్స్‌కు సేమియాకు ఒక ముఖ్యమైన తేడా ఉంది. 1958లో జపానులో మొమొఫుకు ఆండో ప్రవేశపెట్టిన తక్షణ నూడుల్స్ నూనెలో వేయించి ఆరబెట్టినవి, నేటికీ ఎక్కువ రకాలు అంతే. సేమియా గాలికి ఆరబెట్టినది కనుక దానిలో కొవ్వు అతి స్వల్పము, వండేటప్పుడు మనము వేసినదే ఉంటుంది. మధుమేహము ఉన్నవారు పరిమాణము తగ్గించి, పప్పులు, కూరగాయలు ఎక్కువ వేసుకొనుట మంచిది. పొట్లము వెనుక ముద్రించిన పదార్థాల పట్టికలో మొదటి పేరు మైదాయా, డ్యూరం రవ్వయా అన్నది చూసి కొనాలి. ముందువైపు బొమ్మ రెండింటికీ ఒకే విధముగా ఉండవచ్చును.