సమాచార సాంకేతికత, ప్రజారోగ్యం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం

ఉమ్మడి నల్గొండ జిల్లాకు చెందిన ఈ మూడు పట్టణాల్లో సూర్యాపేట, కోదాడ హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద ఉండగా, రైసుమిల్లులకు పేరొందిన మిర్యాలగూడ నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉంది. సూర్యాపేట, నల్గొండలలో 2019లో మొదలయ్యేదాకా ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల లేనందున, పెద్ద ప్రమాదమో కష్టమైన కాన్పో ఎదురైతే హైదరాబాదు దాకా పోవలసి వచ్చేది. ఈ దూరాన్ని తగ్గించడంలో ఫోను పాత్ర చాలా పెద్దది.

వైద్యుడు ఒక చోట, రోగి మరో చోట ఉండి తెర మీద చూసుకుంటూ సాగించే చికిత్సను టెలీమెడిసిన్ అంటారు. తెలుగునాట దీనికి పేరు తెచ్చినది చిత్తూరు జిల్లా అరగొండలో 2000లో అపోలో సంస్థ నెలకొల్పిన కేంద్రం. అయితే పల్లె జనం అనుభవంలోకి ముందుగా వచ్చినది వీడియో కాదు, మామూలు ఫోను కాలే.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈఎంఆర్ఐ సంస్థ ప్రారంభించిన 108 సేవ ఆ తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. కాల్ కేంద్రంలో సిబ్బంది వివరాలు రాసుకొని దగ్గరలోని అంబులెన్సును పంపుతారు. అందులో పైలట్ అని పిలిచే డ్రైవరుతో పాటు, దారిలోనే ప్రథమ చికిత్స చేయగల ఈఎంటీ, అంటే అత్యవసర వైద్య సహాయకుడు ఉంటాడు. రహదారి ప్రమాదాల్లో ఫోను చేసేది తరచు దారిన పోయే ప్రయాణికుడే కనుక అతనికి ఊరి పేరు తెలియదు. అప్పుడు కిలోమీటరు రాయి మీది అంకె, కొర్లపహాడ్ టోల్‌గేటు, పక్కనున్న దాబా పేరు వంటివే చిరునామా అవుతాయి. 108 జనం నోట నిలవడానికి కారణం యంత్రాల గొప్పతనం కన్నా, ఫోను పెట్టేసిన వెంటనే బండి కదలడమే.

2007లో ఫోనులో వైద్య సలహాలిచ్చే 104 వచ్చింది. 2017లో కేసీఆర్ కిట్ పథకంతో గర్భిణుల వివరాలు ఆన్‌లైన్‌లోకి చేరి, సాయం సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాల్లో పడసాగింది. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్‌లో, ఇంటి నుంచే వైద్యుణ్ణి సంప్రదించే ఈ-సంజీవని ఓపీడీ దేశవ్యాప్తంగా మొదలైంది.

తెర మీద వైద్యుడు రోగి మాట వినగలడు, మందు రాయగలడు. కడుపు నొక్కి చూడలేడు, సూది వేయలేడు. గుండెనొప్పి, పురిటినొప్పులు, పాముకాటు వంటి వేళల్లో వీడియో కోసం ఎదురుచూడకుండా వెంటనే 108కి ఫోను చేసి, ఉన్న చోటి ఆనవాలు స్పష్టంగా చెప్పాలి.