కెమేరా ఉచ్చు కథ

ఉచ్చు అనగానే మనకు జ్ఞప్తికి వచ్చేది జంతువు కాలికో మెడకో బిగిసే తాడు. కాని జంతువును తాకకుండా, దాని దారిన దానిని పోనిచ్చి, రూపాన్ని మాత్రమే పట్టి ఉంచే ఉచ్చు ఒకటి ఉన్నది. దానికి కెమేరా ఉచ్చు అని పేరు. చూడటానికి చెట్టుకు కట్టిన చిన్న పెట్టె. ముందునుంచి వెచ్చని ప్రాణి ఏదైనా నడిచిపోతే తనంతట తానే బొమ్మ తీస్తుంది. నేడు మన దేశంలో పులులను లెక్కించటానికి ఆధారం ఇదే. అడవిలోనే కాదు, ఎవరి సొంత పొలంలో వారు దీనిని కట్టి, రాత్రివేళ అక్కడికి వచ్చిపోయేవి ఏవో తెలుసుకొనవచ్చును. ఇది నిన్న మొన్న పుట్టిన పరికరమని చాలామంది అనుకుంటారు. దీని వెనుక నూరేళ్ళకు మించిన చరిత్ర కలదు.

జంతువు చేతనే దాని బొమ్మను తీయించటమన్నది ఇందులోని మూలసూత్రం. ఈ సూత్రం మొదట అడవిలో గాక ఒక గుఱ్ఱాల క్షేత్రంలో ప్రయోగానికి వచ్చినది. కాలిఫోర్నియా రాష్ట్రానికి గవర్నరుగా పనిచేసిన లీలండ్ స్టాన్‌ఫర్డుకు పాలో ఆల్టోలో సొంత క్షేత్రం ఉండేది. పరుగెత్తే గుఱ్ఱం నాలుగు కాళ్ళూ ఒక్కసారి నేలను విడుస్తాయా, విడవవా అన్న ప్రశ్నను తేల్చటానికి ఎడ్వర్డ్ మైబ్రిడ్జి 1878 జూన్‌లో అక్కడ 12 కెమేరాలను వరుసగా నిలిపి, బాటకు అడ్డంగా దారాలు కట్టినాడు. గుఱ్ఱం తగిలి ఒక్కొక్క దారం తెగగానే ఒక్కొక్క కెమేరా పనిచేసినది. విడుస్తాయని బొమ్మలు తేల్చినవి. అయితే అది మచ్చిక జంతువు, పట్టపగలు, చదునైన బాట. చీకటిలో, మనిషి వాసన తగిలితేనే పారిపోయే జంతువు మాటేమిటి?

ఆ పని చేసినవాడు ఒక న్యాయవాది. పిట్స్‌బర్గుకు చెందిన జార్జి షైరస్ (1859-1942) చిన్ననాటి నుండి వేట మరిగినవాడు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, సుపీరియర్ సరస్సుకు దక్షిణాన వైట్‌ఫిష్ అనే చిన్న సరస్సు ఒడ్డున అతని కుటుంబానికి ఒక విడిది ఉండేది. ఆ ప్రాంతపు ఒజిబ్వే జాతివారు రాత్రివేళ పడవ ముందు భాగాన నిప్పు వెలిగించి లేళ్ళను వేటాడేవారు. వెలుగును చూసి లేడి కదలక నిలిచిపోతుంది. మెరిసే రెండు కన్నులే గురి. షైరస్ ఆ ఉపాయాన్నే తీసుకొని, తుపాకి ఉండవలసిన చోట కెమేరాను ఉంచినాడు. ఇది 1890 దశకం నాటి మాట.

తరువాత అతను పడవను కూడ వదలి, జంతువు నడిచే దారిలో తీగ కట్టి, లేదా దారం చివర ఎర కట్టి, కెమేరాను అక్కడే ఉంచి వచ్చేవాడు. జంతువు లాగగానే మెగ్నీషియం పొడి భగ్గుమని మండి బొమ్మ పడేది. వేటగాడు ఇంట నిద్రపోతుండగా వేట జరిగిపోవటం ఇదే మొదటిసారి కాబోలు! కాని ఆనాటి కష్టం ఊహించండి. మెగ్నీషియంలో పొటాసియం క్లోరేటు వంటివి కలిపిన ఆ పొడి ఒక విధంగా మందుగుండే. ఏమరితే చేయి కాలుతుంది, చెమ్మగిలితే వెలగదు. కెమేరాలో ఉండేది ఒకే గాజు పలక. ఎలుక తగిలినా, గాలికి కొమ్మ విరిగి పడినా ఆ రాత్రి పని అంతటితో సరి.

1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ మాసపత్రిక షైరస్ తీసిన 74 ఛాయాచిత్రాలను ఒకేసారి ప్రచురించినది. శాస్త్ర పత్రికను బొమ్మల పుస్తకంగా మారుస్తున్నారని నిర్వాహకులలో ఇద్దరు రాజీనామా ఇచ్చినారట. వారి అభ్యంతరం ఎట్లున్నా, చీకటిలో జంతువు ఏమి చేస్తుందో పాఠకులు కళ్ళారా చూడగలిగినారు. షైరస్‌ను కేవలం ఛాయాచిత్రకారుడనుకోరాదు. అమెరికా కాంగ్రెసు సభ్యుడుగా ఉన్న కాలంలో, 1904లో, వలసపక్షుల రక్షణకు బిల్లు ప్రతిపాదించినవాడు అతనే.

షైరస్‌కు కావలసినది మంచి బొమ్మ. అడవిలో ఉన్నవి ఏవి అన్న ప్రశ్నతో కెమేరాను కట్టినవాడు ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు. పనామా కాలువ కొరకు నదికి ఆనకట్ట వేయగా నీరు చుట్టుముట్టి ఒక కొండ దీవిగా మారినది. అదే బారో కొలరాడో. అక్కడి బాటలలో తీగలు కట్టి తీసిన బొమ్మలతో ఆయన 1927లో వ్రాసిన వ్యాసానికి పేరే 'మన బాటలలో నడిచేదెవరు?' అన్న అర్థం గల ప్రశ్న.

సరిగా ఆ కాలంలోనే మన దేశంలో ఇంతకన్న ముఖ్యమైన విషయం బయటపడినది. హిమాలయాల పాదాన, శివాలిక్ కొండల అడవులలో ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అనే అటవీ అధికారి ఉండేవాడు. తోటి అధికారులు పులిని కాల్చి, దానిపై కాలు పెట్టి బొమ్మ తీయించుకొనే రోజులవి. ఛాంపియన్‌కు కాల్పు నచ్చదు. పులి నడిచే బాటకు అడ్డంగా సన్నని తీగ కట్టి దాని చేతనే బొమ్మలు తీయించినాడు. అవి 1925లో లండను పత్రికలో వెలువడినవి. 1927లో పుస్తకం వచ్చినది. ప్రఖ్యాత వేటగాడు జిమ్ కార్బెట్ కెమేరా పట్టటానికి ఈ బొమ్మలు కూడ ప్రేరణ అయినవి. బొమ్మలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఛాంపియన్ గుర్తించినది ఏమనగా, ఏ రెండు పులుల చారలూ ఒక్కటిగా ఉండవు. మన వేలిముద్రల వలె ఏ పులి చారలు దానివే. ఎడమ పక్క చారలు కుడి పక్కకు కూడ సరిపోలవు. అందువలననే నేడు బాటకు ఇరువైపుల ఎదురెదురుగా రెండు కెమేరాలు కడతారు.

ఈ సంగతి తెలిసిన తరువాత పులులను లెక్కించటానికి ఇక అడ్డేమిటి అనిపిస్తుంది. కాని అది జరగటానికి సుమారు 70 ఏండ్లు పట్టినది. ఈలోగా మన దేశంలో అనుసరించినది అడుగుజాడల పద్ధతి. మట్టిలో పడిన పులి పాదముద్రను గాజుపలకపై గీసుకొని, ఇది ఫలానా పులిది అని నిర్ణయించేవారు. బురదలో ఒక తీరుగా, ఇసుకలో ఒక తీరుగా పడే ముద్రను బట్టి జంతువును గుర్తించటం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. పైగా కనబడినవే లెక్కకు వస్తాయి. కనబడని వాటికి లెక్క లేదు.

కనబడని వాటిని లెక్కించే సూత్రం చేపల శాస్త్రం నుండి వచ్చినది. డెన్మార్కు దేశస్థుడు పీటర్సన్ 1896లో చేపలకు గుర్తులు కట్టి నీటిలోకి వదలినాడు. 1930లో అమెరికాలో లింకన్ ఇదే సూత్రాన్ని బాతులకు అన్వయించినాడు. తరగతిలో గింజలతో చేసి చూపదగిన లెక్క ఇది. చెరువులో 20 చేపలను పట్టి గుర్తు పెట్టి వదలినామనుకొనండి. మరల 15 పట్టగా వాటిలో 6 గుర్తు గలవి. అనగా పట్టుబడిన వాటిలో అయిదింట రెండు వంతులు గుర్తు గలవి. చెరువంతటా అదే నిష్పత్తి అనుకొంటే, మొత్తం చేపలు 50. పులికి ఈ గుర్తును మనం కట్టనక్కరలేదు; చారల రూపంలో పుట్టుకతోనే ఉన్నది. కర్ణాటకకు చెందిన ఉల్లాస్ కారంత్ నాగరహొళె అడవిలో కెమేరాలు కట్టి, ఛాంపియన్ చూసిన చారలను ఈ లెక్కతో జతచేసి 1995లో ప్రచురించినాడు. ఇది నిజంగా గొప్ప ముడి అని నా అభిప్రాయం.

అయినా పాత పద్ధతి వెంటనే పోలేదు. రాజస్థాన్‌లోని సరిస్కా అభయారణ్యంలో పులులున్నట్లు కాగితాలపై లెక్కలు కొనసాగుతుండగా, అక్కడ ఒక్కటి కూడ మిగలలేదని 2005లో తేలినది. దొంగవేటగాండ్రు అన్నింటినీ చంపివేసినారు. లెక్క సరిగా ఉంటే ముందే మేలుకొనేవారు. దేశం మొత్తానికి అడుగుజాడల పద్ధతిలో 2001-02లో వచ్చిన సంఖ్య 3,642. కెమేరాలతో, కొత్త గణితంతో 2006లో వేసిన అంచనా 1,411. పద్ధతులు వేరు గనుక ఈ రెండింటినీ నేరుగా తీసివేయరాదు. కాని కళ్ళు తెరిపించటానికి ఆ తేడా చాలినది.

2018 లెక్కలో 26,838 చోట్ల కెమేరాలు కట్టగా 3,48,58,623 బొమ్మలు వచ్చినవి. అందులో పులులవి 76,651. అంటే సుమారు 455 బొమ్మలకు ఒక్కటి! చారలను బట్టి వేరువేరు పులులుగా తేలినవి 2,461. కనబడనివాటిని కూడ కలిపి అంచనా 2,967. మన నల్లమల అడవులలోని నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ పులుల లెక్కకు కూడ ఇదే పద్ధతి.

మెగ్నీషియం పొడి, గాజు పలక, తీగ ఇప్పుడు లేవు. నేటి పెట్టెలో పరారుణ కిరణాలను గుర్తించే స్ఫటికం ఉంటుంది. ప్రతి వెచ్చని వస్తువు నుండి ఈ కిరణాలు వెలువడతాయి. స్ఫటికం వేడిని కొలవదు. ఎదుటి దృశ్యంలో వేడి ఒకచోటి నుండి మరొకచోటికి కదలితే ఆ మార్పును పసిగడుతుంది. చీకటిలో మన కంటికి కనబడని పరారుణ దీపాలు వెలిగి నలుపు తెలుపు బొమ్మ పడుతుంది.

సొంత తోటలో కట్టదలచినవారు కంచెలోని కంతనో, గట్టుమీది జాడనో చూసి, మోకాలి ఎత్తున, ఉదయ సాయంకాలపు సూర్యుడు ఎదురు పడకుండ ఉత్తరానికో దక్షిణానికో ముఖం పెట్టి కట్టవలెను. ముందున్న గడ్డి కోసివేయకపోతే ఎండకు కాగి, గాలికి ఊగే ఆకులే బొమ్మలన్నీ తినివేస్తాయి. గడియారం సరిచేయటం మరువరాదు. ఏ గంటకు వచ్చినదన్నదే ఇందులో సగం విజ్ఞానం. కుందేలు, ముంగిస, నక్క, పునుగుపిల్లి, ఏదుపంది, అడవిపంది: ఊరికి దగ్గరి తోటలలో సైతం వీటిలో కొన్ని పడవచ్చును. నక్కకు చారలు లేవు గనుక పది బొమ్మలు పడితే పది నక్కలని వ్రాయరాదు. పది రాకలని వ్రాయవలెను. ఇతరుల భూమిలో, అనుమతి లేకుండ అడవిలో కట్టకూడదు. మనుషులు నడిచే బాటవైపు తిప్పటం కూడ తప్పు. కార్బెట్ అడవిలో కట్టెలకు, గడ్డికి వచ్చే స్త్రీలు ఈ కెమేరాల వలన ఎంత ఇబ్బంది పడుతున్నారో 2024లో ఒక పరిశోధన వెల్లడించినది.

మన ప్రాంతానికి సంబంధించి మరొక సంగతి. వేసవి మధ్యాహ్నం నేల, రాళ్ళు జంతువు ఒంటి వేడికి సమానంగా కాగి ఉన్నప్పుడు స్ఫటికానికి తేడా తెలియక, ఎదుటనే జంతువు నడిచిపోయినా పెట్టె మౌనంగా ఉండిపోవచ్చును. కాబట్టి ఆ గంటలలో బొమ్మ లేకపోతే, పట్టికలో జంతువు రాలేదని వ్రాయక ఆ గడిని ఖాళీగా వదలవలెను.