పాపీ పువ్వు ధారణ వివాదం

పాపీ పువ్వు ధారణ వివాదం ప్రధానంగా బ్రిటనులో సాగుతున్న ఒక చర్చ. యుద్ధాలలో మరణించిన సైనికుల జ్ఞాపకార్థం ధరించే ఎర్రని పాపీ పువ్వును ప్రజాజీవితంలో ఉన్నవారు తప్పనిసరిగా ధరించాలా, లేక అది వారి ఇష్టానికి వదలివేయాలా అన్నది ఇందులోని ముఖ్యాంశం. ఏటా అక్టోబరు చివరి వారాలనుండి నవంబరు 11 వరకు బ్రిటనులో రాజకీయ నాయకులు, వార్తలు చదివేవారు, క్రీడాకారులు, నటులు దుస్తులపై ఈ పువ్వును పెట్టుకొని కనిపిస్తారు. పెట్టుకోనివారు తరచు విమర్శలకు గురవుతారు.

ఈ పువ్వును ధరించాలని బ్రిటనులో ఏ చట్టమూ నిర్దేశించడం లేదు. పువ్వులను పంచి విరాళాలు సేకరించే రాయల్ బ్రిటిష్ లీజియను కూడా దీనిని ధరించడం పూర్తిగా వ్యక్తిగత నిర్ణయమని చెబుతుంది. అయినప్పటికీ ప్రముఖుల విషయంలో ఇది ఒక అలిఖిత నియమంగా మారిందని కొందరి అభిప్రాయం. ఇదే దేశం ప్రాణత్యాగం చేసినవారికి చూపవలసిన కనీస గౌరవమని మరికొందరి అభిప్రాయం.

చిహ్నం పుట్టుపూర్వోత్తరాలు

ఈ చిహ్నానికి మూలమైన ఎర్ర పాపీ ఐరోపా పంటచేలలో కలుపుమొక్కగా పెరుగుతుంది. తెలుగువారు వంటలలో వాడే గసగసాలు, నల్లమందు వచ్చే మొక్కకు ఇది దగ్గరి జాతే కాని ఆ మొక్క కాదు. దీని విత్తనాలు నేలలో ఏళ్ళ తరబడి నిద్రాణంగా ఉండి, మట్టి పెళ్ళగిలినప్పుడు మొలకెత్తుతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుళ్ళకు, కందకాల తవ్వకానికి బెల్జియం, ఉత్తర ఫ్రాన్సులలోని పొలాలు ఛిద్రమైనపుడు సైనికుల సమాధుల నడుమ ఈ పూలు విరివిగా పూశాయి.

కెనడా సైన్యంలో వైద్యుడైన జాన్ మెక్‌క్రే 1915 మే నెలలో రచించిన "ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్" అనే కవిత ఈ పువ్వుకు ప్రాచుర్యం తెచ్చింది. ఆ కవితతో ప్రభావితురాలైన అమెరికా అధ్యాపకురాలు మొయినా మైకేల్ 1918 నవంబరులో, యుద్ధం ముగియడానికి రెండు రోజుల ముందు, మరణించినవారి స్మృతిలో ఎర్ర పాపీని ధరించాలని నిశ్చయించుకొన్నది. ఫ్రాన్సుకు చెందిన ఆనా గెరిన్ బట్టతో చేసిన పాపీ పూల అమ్మకాన్ని అనేక దేశాలలో ప్రచారం చేసి, 1921లో బ్రిటిష్ లీజియనును కూడా ఒప్పించింది.

బ్రిటనులో మొదటి పాపీ దినం 1921 నవంబరు 11న జరిగింది. సుమారు 90 లక్షల పూలు అమ్ముడుపోయి, 1,06,000 పౌండ్లు వసూలయ్యాయి. యుద్ధంలో అంగవికలురైన సైనికులకు ఉపాధి కల్పించడానికి మేజర్ జార్జి హోసన్ 1922లో లండనులో పాపీ కర్మాగారాన్ని స్థాపించాడు. కాబట్టి ఈ పువ్వు మొదటినుండి రెండు పనులు చేస్తూ వచ్చింది. ఒకటి మృతులను స్మరించడం, రెండవది బ్రతికి బయటపడినవారికి ఆసరా కల్పించడం.

టెలివిజను ప్రసారకులు

టెలివిజను తెరపై పాపీ లేకుండా కనిపించడంపై 2006లో పెద్ద చర్చ జరిగింది. ఛానల్ 4 వార్తల ప్రధాన ప్రసారకుడు జాన్ స్నో తాను ప్రసార సమయంలో ఏ చిహ్నాన్నీ ధరించనని, తెర వెలుపల మాత్రం పాపీని పెట్టుకొంటానని వివరించాడు. పాపీకి ఒప్పుకుంటే ఎయిడ్స్ రిబ్బను, కాన్సరు రిబ్బను వంటివాటికీ ఒప్పుకోవలసి ఉంటుందన్నది అతని వాదన. ఇతరులు ఏమి ధరించాలో ఒత్తిడి చేసే ధోరణిని అతను "పాపీ ఫాసిజం" అన్నాడు. ఈ మాట తరువాతి చర్చలలో పదేపదే వినవచ్చింది.

ఐటీవీ వార్తల ప్రసారకురాలు షార్లీన్ వైట్ 2013లో పాపీ లేకుండా వార్తలు చదివినందుకు అంతర్జాలంలో జాతివివక్షతో, స్త్రీద్వేషంతో కూడిన దూషణలకు గురైంది. అనేక సేవాసంస్థలకు తాను సహాయం చేస్తానని, తెరపై వాటిలో ఏ ఒక్కదానికీ ప్రాధాన్యం ఇవ్వకుండా తటస్థంగా ఉండాలనుకొంటానని ఆమె వివరణ ఇచ్చింది. ఈ ఇద్దరూ పువ్వును గాని, దాని ఉద్దేశాన్ని గాని వ్యతిరేకించలేదన్నది గమనించదగ్గ విషయం. తెరపైనున్న వ్యక్తి సొంత భావాలను ప్రదర్శించవచ్చునా అన్నదే వారి ప్రశ్న.

ఫుట్‌బాల్ క్రీడ

ఇంగ్లండులోని వృత్తి క్రీడాజట్లు నవంబరులో ఆడే ఆటలలో చొక్కాలపై పాపీ బొమ్మను ముద్రించే ఆనవాయితీ ఉంది. దీనివలన ధరించని ఆటగాడు మైదానంలో ప్రత్యేకంగా కనబడిపోతాడు.

జేమ్స్ మెక్లేన్

ఉత్తర ఐర్లండులోని డెర్రీ నగరానికి చెందిన జేమ్స్ మెక్లేన్ 2012లో సండర్లాండ్ జట్టులో ఉండగా పాపీ ఉన్న చొక్కాను ధరించలేదు. అతనికి చంపుతామన్న బెదిరింపులు కూడా వచ్చాయి. 2014లో విగాన్ జట్టులో ఉన్నప్పుడు అతను తన కారణాలను వివరిస్తూ క్లబ్బు అధ్యక్షునికి బహిరంగ లేఖ వ్రాశాడు. రెండు ప్రపంచ యుద్ధాలలో మరణించినవారి పట్ల తనకు గౌరవం ఉన్నదని, పువ్వు వారికి మాత్రమే సంబంధించినదైతే ధరించేవాడినని అందులో పేర్కొన్నాడు. కాని 1945 తరువాతి సంఘర్షణలలో పాల్గొన్న బ్రిటిషు సైనికులందరికీ అది వర్తిస్తుందని, తన ఊరివారికి అందులో వేరే అర్థం కనబడుతుందని తెలిపాడు.

ఆ వేరే అర్థానికి కారణం 1972 జనవరి 30న డెర్రీలో జరిగిన "బ్లడీ సండే". ఆనాడు పౌరహక్కుల ప్రదర్శనపై బ్రిటిషు సైనికులు జరిపిన కాల్పులలో 13 మంది అక్కడే మరణించారు. గాయపడిన మరొకరు తరువాత చనిపోయారు. మృతులలో పలువురు మెక్లేన్ పెరిగిన క్రెగన్ ప్రాంతంవారు. ఈ కాల్పులు సమర్థనీయం కాదని 2010లో వెలువడిన విచారణ నివేదిక తేల్చగా, అప్పటి ప్రధానమంత్రి డేవిడ్ కామెరాన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

నెమాన్యా మాటిచ్

సెర్బియాకు చెందిన నెమాన్యా మాటిచ్ 2018లో మాంచెస్టర్ యునైటెడ్ జట్టులో ఉండగా పాపీని ధరించలేదు. తన బాల్యంలో, 1999లో, నాటో దళాలు సెర్బియాపై జరిపిన బాంబుదాడిని ఆ పువ్వు తనకు గుర్తుచేస్తుందని చెప్పాడు. ఆ దాడులలో బ్రిటను కూడా పాల్గొన్నది. అంతకు పూర్వం తాను పాపీని ధరించానని, ఆలోచించిన మీదట అది తనకు సరికాదనిపించిందని, ఇతరుల గౌరవభావాన్ని తక్కువ చేయడం తన ఉద్దేశం కాదని వివరించాడు.

ఫీఫాతో వివాదం

కొందరు ధరించనందుకు నిందలు పడగా, ధరించినందుకు జరిమానా పడిన సందర్భమూ ఉంది. 2011 నవంబరులో స్పెయినుతో ఆడిన ఇంగ్లండు జట్టు చొక్కాలపై పాపీ ఉండడానికి అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య (ఫీఫా) మొదట ఒప్పుకోలేదు. ప్రిన్స్ విలియం, ప్రధాని కామెరాన్ కలుగజేసుకొన్న పిమ్మట చేతికి కట్టుకొనే నల్లపట్టీలపై పాపీని అనుమతించింది. 2016 నవంబరు 11న జరిగిన ఇంగ్లండు - స్కాట్లండు ఆటలో ఇరుజట్లూ అటువంటి పట్టీలనే కట్టుకొన్నాయి. ఈసారి ఫీఫా దీనిని రాజకీయ చిహ్నాల నిషేధం క్రిందికి తెచ్చి ఇంగ్లండుకు 45,000, స్కాట్లండుకు 20,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా విధించింది. 2017లో నిబంధనలను సవరించడంతో ధారణకు వీలు కలిగింది.

రాజకీయ నాయకులు

1981లో లేబర్ పార్టీ నాయకుడు మైకేల్ ఫుట్ లండనులోని సెనోటాఫ్ స్మారకం వద్ద జరిగిన కార్యక్రమానికి పొట్టి కోటుతో హాజరయ్యాడు. అది కూలీలు వేసుకొనే కోటులా ఉన్నదని పత్రికలు దుయ్యబట్టాయి. స్మారక దినాన నాయకుల వేషధారణను ఎంత నిశితంగా గమనిస్తారో చెప్పడానికి దీనిని ఉదాహరిస్తుంటారు.

2010 నవంబరులో డేవిడ్ కామెరాన్ బృందం చైనాలో పర్యటించినపుడు పాపీలను తీసివేయమని చైనా అధికారులు కోరారు. నల్లమందు యుద్ధాలలో బ్రిటను చేతిలో చైనా పొందిన అవమానాన్ని ఆ పువ్వు గుర్తుచేస్తుందన్నది వారి కారణం. బ్రిటిషు బృందం అందుకు అంగీకరించలేదు. 2015లో ప్రధాని కార్యాలయపు ఫేస్‌బుక్ పేజీలో కామెరాన్ పాత ఛాయాచిత్రంపై పాపీని కంప్యూటరు ద్వారా అతికించినట్లు బయటపడింది. కార్యాలయం ఆ చిత్రాన్ని మార్చివేసింది. ఎవరూ ధరించని పువ్వును ధరించినట్లు చూపవలసి రావడం ఈ ఒత్తిడి స్థాయికి నిదర్శనమని విమర్శకులు పేర్కొన్నారు.

ఐర్లండులో

ఐర్లండులో ఈ చిహ్నం మరింత సున్నితమైనది. మొదటి ప్రపంచ యుద్ధంలో వేలాది ఐరిష్ సైనికులు బ్రిటిషు సైన్యంలో పోరాడి మరణించారు. అయితే ఐరిష్ జాతీయవాదులు ఎదుర్కొన్నది కూడా ఆ సైన్యాన్నే. ఉత్తర ఐర్లండులోని యూనియనిస్టులకు పాపీ తమ ఉనికికి, త్యాగానికి గుర్తు. 1987 నవంబరు 8న ఎన్నిస్‌కిల్లెన్ పట్టణంలో స్మారక కార్యక్రమానికి వచ్చినవారిపై ఐఆర్ఏ జరిపిన బాంబుదాడిలో 11 మంది మరణించారు. గాయపడి అపస్మారక స్థితిలో ఉండిపోయిన మరొకరు 2000లో కన్నుమూశారు. ఆ పట్టణంలో పాపీ ధరించేవారు దూరదేశపు యుద్ధాలతో పాటు తమ ఇరుగుపొరుగువారిని కూడా స్మరించుకుంటారు.

2017లో ఐర్లండు ప్రధాని, భారత సంతతికి చెందిన లియో వరాద్కర్ ఐరిష్ చిహ్నమైన షామ్‌రాక్ ఆకుతో కలిపిన పాపీని ధరించి పార్లమెంటుకు హాజరయ్యాడు. 2024 నవంబరులో ఉత్తర ఐర్లండు ప్రథమమంత్రి, షిన్ ఫేన్ నాయకురాలు మిషెల్ ఓ నీల్ బెల్‌ఫాస్టులో జరిగిన స్మారక కార్యక్రమానికి హాజరై, పాపీలకు బదులు లారెల్ ఆకులతో చేసిన దండను సమర్పించింది.

కెనడాలో

కెనడాలో ప్రముఖ హాకీ వ్యాఖ్యాత డాన్ చెర్రీ 2019 నవంబరులో, వలస వచ్చినవారు పాపీలు కొనడం లేదని అర్థం వచ్చేలా టెలివిజనులో మాట్లాడాడు. దీనిపై నిరసనలు రేగడంతో, స్మారక దినమైన నవంబరు 11నే ప్రసార సంస్థ అతనిని తొలగించింది. బ్రిటనులో ధరించనివారు ఇబ్బంది పడగా, ఇక్కడ ధరించనివారిని నిందించిన వ్యక్తి పదవి కోల్పోయాడు.

వాదోపవాదాలు

ప్రముఖులు ధరించాలనేవారి ముఖ్య వాదనలు ఇవి:
* లక్షలాది మంది చూసే వ్యక్తి ధరిస్తే సామాన్యులకు ప్రేరణ కలిగి, సైనిక కుటుంబాలకు విరాళాలు పెరుగుతాయి.
* ప్రజల ఆదరణ వలన పేరు సంపాదించినవారికి ఆ ప్రజల దుఃఖంలో పాలుపంచుకొనే బాధ్యత ఉంది. ప్రాణాలిచ్చినవారి ఋణంతో పోలిస్తే ఇది చాలా చిన్న పని.
* అందరూ ధరించిన చోట ఒక్కరు ధరించకపోవడం మౌనం అనిపించుకోదు. అది తిరస్కారంగా కనబడి, అయినవారిని పోగొట్టుకొన్నవారిని నొప్పిస్తుంది.

నిర్బంధం కూడదనేవారి ముఖ్య వాదనలు ఇవి:
* సొంత ఇష్టంతో చేసినపుడే స్మరణకు విలువ. భయంతో పెట్టుకొన్న పువ్వుకు, భక్తితో పెట్టుకొన్న పువ్వుకు తేడా తెలియకపోతే ఆ చిహ్నమే అర్థాన్ని కోల్పోతుంది.
* స్వేచ్ఛ కోసం మరణించినవారి పేరిట మరొకరి స్వేచ్ఛను హరించడం వారి త్యాగానికే విరుద్ధం.
* ఒకే సైన్యం ఒకరికి రక్షకుడుగా, మరొకరికి తమవారిని చంపినవాడుగా గుర్తుండవచ్చు. ఒకే జ్ఞాపకాన్ని అందరిపై రుద్దడం తగదు.
* విరాళమిచ్చి పువ్వు ధరించనివారు, ధరించి విరాళమివ్వనివారు కూడా ఉంటారు. చొక్కాను చూసి మనసును అంచనా వేయలేము.

మాజీ సైనికులలో కూడా ఏకాభిప్రాయం లేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో వాయుసేనలో పనిచేసిన రచయిత హారీ లెస్లీ స్మిత్ (1923-2018), మృతుల స్మృతిని కొత్త యుద్ధాల సమర్థనకు వాడుకొంటున్నారన్న ఆవేదనతో, తాను పాపీని ధరించడం ఇదే చివరిసారి అని 2013లో ప్రకటించాడు.

ఇతర రంగుల పువ్వులు

యుద్ధ మృతులందరినీ, పౌరులతో సహా, స్మరిస్తూ శాంతిని కోరే తెల్ల పాపీని 1933లో బ్రిటనులోని సహకార మహిళా సంఘం ప్రవేశపెట్టింది. తరువాత పీస్ ప్లెడ్జ్ యూనియన్ దీనిని ప్రచారం చేస్తూ వచ్చింది. యుద్ధాలలో మరణించిన జంతువుల కోసం ఊదారంగు పాపీ 2006లో వచ్చింది. తెల్ల పాపీ ధరించేవారు కూడా మృతులను అవమానిస్తున్నారన్న విమర్శను ఎదుర్కొన్నారు.

భారతదేశంతో సంబంధం

మొదటి ప్రపంచ యుద్ధంలో అవిభక్త భారతదేశం నుండి 13 లక్షలకు పైగా సైనికులు, శ్రామికులు పాల్గొనగా, సుమారు 74,000 మంది మరణించారు. ఫ్రాన్సులోని నూవ్ షపెల్ స్మారకం, ఢిల్లీలోని ఇండియా గేట్ వారి జ్ఞాపకార్థం నిర్మించినవే. 2018లో, యుద్ధం ముగిసి నూరేళ్ళయిన సందర్భంగా, భారతీయుల సేవలకు గుర్తుగా ఖద్దరు బట్టతో చేసిన పాపీని లీజియను విడుదల చేసింది. అప్పటి ప్రధాని థెరిసా మే దీనిని ధరించింది. పరపాలనపై పోరాటానికి గుర్తయిన ఖద్దరు, ఆ పాలకుల సైన్యంలో మరణించినవారికి గుర్తుగా మారడం విశేషం.

భారతదేశంలో దీనికి దగ్గరగా ఉండేది 1949 నుండి ఏటా డిసెంబరు 7న జరిపే సాయుధ దళాల పతాక దినోత్సవం. త్రివిధ దళాలను సూచించే ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న పతాకాన్ని విరాళమిచ్చినవారికి ఇస్తారు. గవర్నర్లకు, ముఖ్యమంత్రులకు సైనిక సంక్షేమ అధికారులు ఈ పతాకాన్ని అలంకరిస్తారు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో కూడా ఈ నిధికి విరాళాలు సేకరిస్తారు.

ఇవి కూడా చూడండి

* మొదటి ప్రపంచ యుద్ధం
* సాయుధ దళాల పతాక దినోత్సవం
* ఇండియా గేట్
* బ్లడీ సండే (1972)