అతుకు లేని కంచు ముఖం

గ్రీసులోని ఆర్గోస్‌లో 1953లో ఒక యోధుడి సమాధి బయటపడింది. క్రీ.పూ. 8వ శతాబ్దం చివరినాటిది. అందులో కంచు కవచంతో పాటు పైకి కొనదేలిన శిరస్త్రాణం ఒకటి ఉంది. చూడ్డానికి ఎంతో ఠీవిగా ఉంటుంది కానీ, అది ఒకే రేకు కాదు. విడివిడిగా కొట్టిన ముక్కలను కలిపి బిగించింది. ఆ రోజుల్లోనే గ్రీసులో వాడిన మరో రకాన్ని రెండు సగాలుగా చేసి నడినెత్తిన అతికేవారు. అంటే శత్రువు కత్తి దిగే చోటే అతుకు ఉండేదన్నమాట. అతుకు ఎప్పుడూ బలహీనమైన చోటే.

క్రీ.పూ. 700 ప్రాంతంలో ఆ అతుకే మాయమైంది. నెత్తి, చెంపలు, మెడ, ముక్కు మీదికి దిగే పట్టీ అన్నీ ఒకే కంచు రేకులోంచి వచ్చాయి. దీన్నే కొరింథ్ శిరస్త్రాణం అంటున్నాం. క్రీ.పూ. 5వ శతాబ్దపు చరిత్రకారుడు హెరొడోటస్ కూడా ఆ పేరు వాడాడు. నా దృష్టిలో ప్రాచీన లోహపు పనిలో ఇంతకన్నా కష్టమైనవి కొన్నే ఉంటాయి.

కష్టం ఎక్కడుందంటే, కంచు మొండి లోహం. సుమారు పది పాళ్లలో తొమ్మిది రాగి, ఒకటి తగరం. సుత్తి దెబ్బలు పడేకొద్దీ బిరుసెక్కుతుంది. అయినా ఆపకుండా కొడితే పగులుతుంది. అందుకే కొంతసేపు కొట్టడం, కొలిమిలో కాల్చి మెత్తబరచడం, మళ్లీ కొట్టడం. ఇలా ఎన్నో విడతలు. పగులు చివరి విడతలో వచ్చినా అంతకుముందు చేసిన పనంతా వృథా. బిందె కడుపు సాగగొట్టే మన కంచరికి ఈ బాధ తెలుసు. కాకపోతే ఇక్కడ లోపలి నుంచి ఆసరా ఇవ్వడం ఇంకా కష్టం. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఆ కాలపు కంచు బొమ్మ ఒకటుంది. రెండంగుళాలే ఉంటుంది. ఒక పనివాడు నేల మీద కూర్చుని, నిలువుగా నాటిన కడ్డీ లాంటి దాయికి శిరస్త్రాణాన్ని తొడిగి పనిచేస్తున్నాడు. లోతైన పాత్ర లోపలికి దాయి ఎలా చేరేదో ఆ బొమ్మే చెబుతుంది.

లోహాన్ని ఎక్కడ పలుచన చేయాలో, ఎక్కడ మిగల్చాలో తెలియడమే అసలు నేర్పు. నెత్తి భాగం చాలావాటిలో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. ముక్కు పట్టీ మాత్రం అంతకు కొన్ని రెట్లు మందం. ముఖం మీదికొచ్చే దెబ్బను అదే ఆపాలి మరి. తల మీద మోసే బరువు తగ్గాలి, రక్షణ మాత్రం తగ్గకూడదు. ఆ లెక్కంతా సుత్తితోనే తేల్చారు. మొదటి రోజుల్లో అంచు చుట్టూ సన్నని రంధ్రాలు పొడిచి లోపలి మెత్తను కుట్టేవారు. తర్వాత్తర్వాత ఆ రంధ్రాలు కనబడవు. మెత్తను జిగురుతో అంటించడం మొదలైంది.

ఇవి ఇన్ని మన దాకా మిగలడానికి ఒలింపియా పుణ్యం చాలా ఉంది. యుద్ధం గెలిచినవాళ్లు ఆయుధాలను అక్కడి జ్యూస్ దేవుడికి సమర్పించేవారు. మారథాన్ యుద్ధాన్ని (క్రీ.పూ. 490) నడిపించిన మిల్టియాడిస్ పేరు అంచున చెక్కిన కొరింథ్ శిరస్త్రాణం ఈనాటికీ ఒలింపియా మ్యూజియంలో ఉంది. లోహం నలిగి చిరిగినా పేరు మాత్రం చదవొచ్చు.

అయితే ఇంత గట్టి రక్షణకు మూల్యం చెల్లించాల్సి వచ్చింది. చెవుల మీద కంచు, కళ్లకు రెండు చీలికలు. పక్కవాడు అరిచినా సరిగా వినబడదు, పక్కల నుంచి వచ్చేది కనబడదు. పోరు లేనప్పుడు దాన్ని వెనక్కి నెట్టి నెత్తిన పెట్టుకునేవారు; ఏథెన్స్ నాయకుడు పెరిక్లిస్ విగ్రహంలో చూసేది అదే. క్రమంగా కంచరులు కోత మొదలుపెట్టారు. చాల్కిడియన్ రకంలో చెవులు బయటపడ్డాయి. తర్వాత ముఖమంతా తెరిచి ఉండే పైలోస్ వచ్చింది. ఉన్ని టోపీ ఆకారాన్ని కంచులో దించారు. గుర్రపు రౌతులకైతే బయోషియా రకం శిరస్త్రాణమే మేలని గ్రీకు రచయిత జెనఫన్ రాశాడు. దానికి ఆయన చెప్పిన కారణం కూడా చూపే: రక్షణ ఇస్తూనే చూపుకు అడ్డు రాదు.

పాత రూపం మాత్రం దక్షిణ ఇటలీలో బతికింది, అదీ వింతగా. అక్కడివాళ్లు దాన్ని ఎప్పుడూ నెత్తి మీదే, టోపీలా పెట్టుకున్నారు. కళ్లకు పని లేకపోవడంతో రంధ్రాలు చిన్నవై, ఒకదానికొకటి దగ్గరకు జరిగాయి. కొన్నింటిలో అవి రేకు మీద గీసిన గీతలుగానే మిగిలాయి.